అబ్బాయి సముద్రం పనిలోకి వెళ్తానంటున్నాడు, పంపవచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. చెనక్కాయ వ్యవసాయం. అబ్బాయి తిరుపతిలో సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఎంటెక్ చేసి, సముద్రంలో ఆయిల్ ప్లాట్‌ఫారాలు నిలబెట్టే ‘మెరైన్ ఆపరేషన్స్’ పనిలో చేరతానంటాడు. 2021లో ముంబై దగ్గర బార్జి (అడుగు చదునుగా ఉండే పెద్ద పడవ) మునిగిన వార్త గుర్తొస్తే నాకు నిద్ర పట్టదు. ఇంతలో ఒక ఏజెంటు మూడు లక్షలు కడితే ఆఫ్‌షోర్ ఉద్యోగం ఇప్పిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఏజెంటు సంగతి. ఆ డబ్బు కట్టకండి. ఓడల మీద పనికి మనుషుల్ని పంపే సంస్థకు కేంద్ర ప్రభుత్వ డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ అనే నియామకాల లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉన్నవాళ్లు కూడా ఉద్యోగం చూపించినందుకు అభ్యర్థి దగ్గర ఫీజు తీసుకోకూడదు. పొలం తాకట్టు పెట్టి ఇలాగే కట్టిన ఒక కుటుంబం నా దగ్గరికి వచ్చింది. ఉద్యోగమూ రాలేదు, డబ్బూ రాలేదు. పైగా మీ అబ్బాయి కోరుకుంటున్నది ఇంజనీరు పని. దానికి దారి చదువే.

ఇక ఆ పని ఏమిటో చెబుతాను. ప్లాట్‌ఫారం కింద నిలబడే ఉక్కు చట్రాన్ని జాకెట్ అంటారు. వేల టన్నుల బరువు ఉంటుంది. దాన్ని ఒడ్డునే తయారు చేస్తారు. చెన్నైకి ఉత్తరాన కాట్టుపల్లిలో ఎల్ అండ్ టీకి అలాంటి యార్డు ఉంది. తయారైన జాకెట్‌ను ఒడ్డు మీది నుంచి బార్జి మీదికి జరపాలి. బరువు ఎక్కుతున్నకొద్దీ బార్జి కుంగుతుంది, అదే సమయంలో పోటుపాట్లతో నీటిమట్టం మారుతుంటుంది. బార్జి ఒడ్డుకు సమంగా ఉండటానికి దాని గదుల్లోకి సముద్రపు నీరు పంపులతో నింపుతూ, తోడుతూ ఉంటారు. ఏ గదిలోకి, ఎప్పుడు, ఎంత నీరు అన్నది ముందే లెక్క వేసి ఉంచాలి. తర్వాత టగ్గులతో (లాగే పడవలతో) లాక్కెళ్లి, జాకెట్‌ను నీళ్లలోకి దించి, నిలువునా నిలబెట్టి, పైల్స్ అనే ఉక్కు స్తంభాలను సముద్రపు అడుగులోకి దిగ్గొట్టి, పైన పని జరిగే అంతస్తును, అంటే డెక్‌ను, కూర్చోబెడతారు. ఈ వరుసంతా కాగితం మీద నెలల తరబడి నడిచాకే సముద్రం మీద మొదలవుతుంది.

మీకు ఇది నా కంటే బాగా అర్థమవుతుంది. చెనక్కాయ చెట్లు పీకే ముందు మీ ఇంట్లో ఎన్నిసార్లు ఆకాశం చూస్తారు? పీకాక మళ్లీ నాటలేం. ఆరబెట్టి, కాయ కోసి, ఇంటికి చేర్చేదాకా వాన రాకూడదు. జాకెట్ కూడా అంతే. బార్జి మీద కట్లు కోసేశాక వెనక్కి రావడం కుదరని ఘడియ ఒకటుంటుంది. అందుకే ముందుగా ‘వెదర్ విండో’ వెతుకుతారు. పని 24 గంటలు పడుతుందనుకుంటే, ఆలస్యాలకు ఇంకో 24 కలిపి 48 గంటలు సముద్రం నెమ్మదిగా ఉండాలని లెక్క పెట్టుకుంటారు. రెండు మీటర్ల అలను తట్టుకునే పనికి, రెండు మీటర్లే వస్తుందన్న అంచనా చాలదు. అంచనా తప్పవచ్చు కాబట్టి ఆ రెండును ‘ఆల్ఫా ఫ్యాక్టర్’ అనే తగ్గింపుతో గుణిస్తారు. అది 0.75 అనుకుంటే, ఒకటిన్నర మీటరుకు లోపు అని అంచనా వస్తేనే మొదలుపెడతారు. మామూలుగా మూడు రోజుల్లోపు ముగిసే పనులకే ఈ పద్ధతి. అంతకంటే ఎక్కువ రోజులు పట్టే పనిని ఆ కాలంలో రాగల గట్టి తుఫానునైనా తట్టుకునేలా డిజైన్ చేయాలి. బంగాళాఖాతంలో ఇలాంటి పనులకు అనువైన కాలం జనవరి నుంచి ఏప్రిల్ దాకా.

మీరు భయపడుతున్న 2021 మే ఘటన తౌక్తే తుఫానుది. ఆ బార్జి మీద 261 మంది ఉన్నారు, డెబ్బై మందికి పైగా చనిపోయారు. తుఫాను హెచ్చరిక ముందే వచ్చింది, బార్జి మాత్రం రేవుకు చేరలేదు. లంగర్లు తెగిపోయాయి. ఆ భయం అనవసరమని నేను చెప్పను. ఈ రంగంలోకి వచ్చే ప్రతివాళ్లూ ఆ భయాన్ని గుర్తు పెట్టుకోవాలనే నా కోరిక. ఎందుకంటే మీ అబ్బాయి నేర్చుకోబోయే విద్య సరిగ్గా ఇదే: ‘ఈ రోజు వద్దు’ అని సమయానికి చెప్పడం. రోజుకు కోట్ల రూపాయల అద్దె నడుస్తున్న ఓడ ఖాళీగా నిలబడి ఉండగా ఆ మాట అనడానికి గుండె కావాలి. బీమా కంపెనీల కోసం మెరైన్ వారంటీ సర్వేయర్ అని వేరే మనిషి ఉంటాడు. ఆయన సంతకం పెట్టందే పని మొదలుకాదు. అనుభవం వచ్చాక ఆ ఉద్యోగమూ ఒక మంచి దారి.

ప్రమాదం ఆఫీసులోనూ పుడుతుంది. 1991 ఆగస్టులో నార్వేలో స్లైప్నర్-ఎ ప్లాట్‌ఫారం కాంక్రీటు పునాది, నీరు నింపి కిందికి దించుతుండగా గోడ పగిలి మునిగిపోయింది. ఆ గోడ మీద పడే షియర్ బలాన్ని (అడ్డంగా కోసేలా పనిచేసే బలాన్ని) కంప్యూటర్ లెక్కలో దాదాపు సగమే చూపారు. అదృష్టం, ఎవరూ చనిపోలేదు. సివిల్ చదువుతున్న మీవాడికి ఈ కథ తప్పకుండా చెప్పండి. మొదటి కొన్నేళ్లు అతని పని ఎక్కువగా ఇలాంటి లెక్కలే, చెన్నైలోనో ముంబైలోనో ఆఫీసులో. సముద్రం మీదికి పంపితే చాలా చోట్ల నాలుగు వారాలు పని, నాలుగు వారాలు ఇల్లు. వెళ్లేముందు హెలికాప్టర్ నీళ్లలో పడితే బయటపడే శిక్షణ కూడా ఇస్తారు.

చదువుకు గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) రాయాలి. ఐఐటీ మద్రాసు, ఐఐటీ ఖరగ్‌పూర్‌లలో ఓషన్ ఇంజనీరింగ్ విభాగాలున్నాయి. సివిల్ పేపరుతో ఏ కోర్సుకు అర్హత ఉందో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. ఇప్పుడే స్ట్రక్చర్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్ గట్టిపరచుకోమనండి. ఆ రెండూ బలహీనంగా ఉంటే ఈ దారి వద్దు.

ఒక విషయం దాచను. చమురు ధర పడితే ఈ ఉద్యోగాలు పోతాయి. 2014 తర్వాత చాలామందికి పోయాయి. గుజరాత్, తమిళనాడు తీరాల్లో సముద్రపు గాలిమరలకు కేంద్రం 2024లో సాయం ఆమోదించింది గానీ, దాన్ని నమ్ముకుని జీవితం ప్లాన్ చేసుకోవద్దు. సివిల్ పట్టు ఉన్నవాడు కష్టకాలంలో రేవులు, వంతెనల వైపు మళ్లగలడు. అందుకే అతను సివిల్‌లో ఉండటం నాకు ధైర్యం.

సరే అనేముందు ఒక పరీక్ష పెట్టండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ రోజూ అలల ఎత్తు అంచనాలు ఇస్తుంది. వచ్చే వాయుగుండాల కాలంలో, ఒక నెల పాటు, మూడు రోజుల ముందు చెప్పిన ఎత్తు, ఆ రోజు నిజంగా వచ్చిన ఎత్తు ఒక నోటుబుక్కులో పక్కపక్కన రాయమనండి. ప్రతి రోజుకూ ‘పని మొదలుపెడతాను’ అనో ‘ఆగుతాను’ అనో, కారణంతో సహా. పది రోజులకే విసుగొచ్చి మానేస్తే నాకు రాయండి, వేరే దారి చూద్దాం. నెలంతా రాస్తే, గేట్ పుస్తకాలు కొనివ్వండి.