తోట బొమ్మ గురించి

చిరంజీవి అమ్మలుకి, ఆశీస్సులు.

నువ్వు పంపిన తోట బొమ్మను రెండు రోజులుగా ఎదురుగా పెట్టుకుని చూస్తున్నాను. ఎంత ఓపికో! ఒక్కో ఆకూ విడివిడిగా గీశావు. అయినా తోట పలచగా ఉందని బాధపడుతున్నావు. ఆకులు చాలక కాదమ్మా, నీడ చాలక.

ఈసారి కుంచె పట్టేముందు కళ్ళు సగం మూసి చూడు. ఆకులన్నీ కలిసిపోయి నాలుగైదు గుబుర్లు మిగులుతాయి. వాటిలో ముదురువి ముందు వెయ్యి. ఆయిల్ కలర్స్ కాబట్టి అడుగు పొరలో రంగుని పలచన చేసే టర్పెంటైన్, పైకొచ్చేకొద్దీ నూనె ఎక్కువ ఉండాలి. తిరగబడితే పై పొర ముందే ఆరి, తర్వాత పగుళ్ళు తీస్తుంది.

ట్యూబులో ఆకుపచ్చని ఉన్నదున్నట్టు పూయకు. నేనూ చాలా ఏళ్ళు అలాగే పూసి తోటలు పాడుచేశాను. అల్ట్రామెరైన్ నీలంలో పసుపు కలిపి, రవ్వంత బర్న్ట్ సియెన్నా, అంటే ఎర్రమట్టి రంగు, చేర్చు. ఆ పచ్చకి మట్టి వాసన తగులుతుంది. ఒక్క కొమ్మ దగ్గర కూర్చుని చూడు: నున్నటి ఆకు పైభాగం ఆకాశాన్ని పట్టుకుని నీలంగా మెరుస్తుంది. దాని పక్కదే, వెనకనుంచి ఎండ పడితే, పసుపుగా వెలుగుతుంది. ఈ తేడా పట్టుకుంటే పది ఆకులతోనే చెట్టు నిండిపోతుంది.

కొమ్మల సందుల్లో ఆకాశాన్ని బయటి ఆకాశం కంటే కాస్త ముదురుగా వెయ్యి. లేకపోతే కాగితం ముక్కలు అతికించినట్టుంటుంది. ఎర్రపూలు నాలుగు చాలు, పచ్చ పక్కన ఎరుపు దానంతటదే రెచ్చిపోతుంది. రంగులు ఇలా పక్కపక్కన ఉండి ఒకదాన్నొకటి పెంచుతాయని షెవ్రోల్ అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త 1839లోనే పుస్తకం రాశాడు.

ఇక మూడ్ సంగతి. నీ బొమ్మలో ఒక మూల పొద్దుటి ఎండ, ఇంకో మూల సాయంత్రపు నీడ ఉన్నాయి, అందుకే మనసు ఎక్కడా నిలవట్లేదు. ఫ్రెంచ్ చిత్రకారుడు మొనే 1883లో జివెర్నీ అనే పల్లె చేరి, తోట పెంచి, తన కొలను కలువల్నే దాదాపు 250 బొమ్మలు వేశాడు. వెలుతురు మారితే కాన్వాసు మార్చేసేవాడు. నువ్వూ మొదలుపెట్టిన రెండు గంటలకి ఆపెయ్యి. మర్నాడు అదే వేళకి మళ్ళీ కూర్చో.

ఆ బెంచీ మాత్రం చెరపకు, చాలా బాగా కుదిరింది. దాని వెనక పొదని మాత్రం ఇంకా ముదురు చేసి, అంచులు వేలితో కలిపేసి, నాకు ఫోటో పంపు.

ప్రేమతో,
పెదనాన్న