ఆటల ఫీజు పెంచేముందు పాత లెక్క చూపించమనండి
పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

గోదావరి డెల్టా కాలేజీల్లో గేమ్స్ ఫీజు పెంపు మీద విద్యార్థులు, తల్లిదండ్రులు, ఫిజికల్ డైరెక్టర్లు అడిగిన ప్రశ్నలివి. ఆటలకు డబ్బు కావాలనే మాట నిజమే. ఎంత కావాలి, ఎవరి కోసం, ఏ పద్దులో అన్న దగ్గరే గొడవంతా వస్తోంది.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర డిగ్రీ కాలేజీ. 1,200 మందిమి చదువుతున్నాం. గేమ్స్ ఫీజు ఏడాదికి రూ.150 నుంచి రూ.600 చేస్తామంటున్నారు. ఆడేవాళ్లు పెంచాలంటున్నారు, ఆడనివాళ్లు మేమెందుకు కట్టాలంటున్నారు. మీటింగులో నన్ను మాట్లాడమన్నారు. ఏం అడగాలండీ?
– బి.కాం. విద్యార్థి

జవాబు: ముందు కొత్త రూ.600 జోలికి వెళ్లకండి. పాత రూ.150 ఏమైందో అడగండి. 1,200 మంది దగ్గర ఏడాదికి రూ.1,80,000 వసూలవుతోంది. అందులో యూనివర్సిటీకి కట్టే క్రీడల వాటా తీసేస్తే కాలేజీ చేతిలో ఎంత మిగిలింది? గత మూడేళ్ల క్యాష్ బుక్కు, గేమ్స్ స్టాక్ రిజిస్టరు, వోచర్ల ఫైలు ఒకే బల్ల మీద పెట్టమనండి. మూడూ పక్కపక్కన ఉంటేనే విషయం తెలుస్తుంది.

స్టాక్ రిజిస్టరులో మొదట తేదీలు చూడండి. బంతులు, నెట్లు, షటిల్స్ అన్నీ మార్చిలోనే కొన్నట్టుంటే, ఆడుకునే నెలల్లో సామాను లేదన్నమాట. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా డబ్బు ఖర్చు చూపించడానికి కొన్నారన్నమాట. తర్వాత ‘పనికిరానివి’ అని కొట్టేసిన పద్దులు చూడండి. కొట్టేసినప్పుడు కమిటీ సంతకాలుండాలి. ఆ మధ్యాహ్నమే ఫిజికల్ డైరెక్టరుగారిని వెంటబెట్టుకుని స్టోర్ రూముకు వెళ్లి లెక్కపెట్టండి. రిజిస్టరులో పన్నెండు వాలీబాల్స్ ఉండి, గదిలో గాలిపోయినవి నాలుగు కనిపిస్తే, చర్చ అక్కడి నుంచి మొదలవ్వాలి. టోర్నమెంటుకు వెళ్లిన జట్టు టి.ఎ., డి.ఎ. (ప్రయాణ, రోజువారీ భత్యాల) పట్టీలో ఆటగాళ్ల సంతకాలు అసలైనవో కాదో ఆ ఆటగాళ్లనే అడగండి. మీతోనే చదువుతున్నారు కదా.

ఇక ‘ఆడనివాళ్లు ఎందుకు కట్టాలి’ అన్న మాట. లైబ్రరీ ఫీజు పుస్తకం తీయనివాడూ కడతాడు, ఎందుకంటే ఏ రోజు తీయాలనుకున్నా తలుపు తెరిచే ఉంటుంది. ఆటల ఫీజుకూ అదే న్యాయం. కానీ రూ.7,20,000 వసూలు చేసి, అందులో అధిక భాగం నలభై మంది జట్టు ఆటగాళ్ల ట్రాక్ సూట్లకు, ప్రయాణాలకు పోయి, మిగిలిన 1,160 మందికి సాయంత్రం ఒక బంతి కూడా దొరక్కపోతే, ఆడనివాళ్ల కోపం న్యాయమైనదే. మా అభిప్రాయం స్పష్టం. పెంచిన సొమ్ములో కనీసం సగం, జట్టులో లేని విద్యార్థి కూడా అడిగి తీసుకుని ఆడుకునే సామాను మీద, మైదానం మీద పెట్టాలి. అది తీర్మానంలో రాయించండి. పెంపు కొత్తగా చేరేవాళ్లకే వర్తించాలని, గేమ్స్ పద్దు విడి ఖాతాలో ఉండాలని, ఏటా లెక్క నోటీసు బోర్డులో పెట్టాలని కూడా రాయించండి. నోటిమాటగా ఇచ్చిన హామీ ప్రిన్సిపాల్ మారితే నిలవదు.

ప్రశ్న: కాలేజీ యాజమాన్యం తనంతట తాను ఫీజు పెంచేయవచ్చా? మా అబ్బాయికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తోంది. అయినా గేమ్స్ ఫీజు విడిగా నగదు కట్టమంటున్నారు, రసీదు ఇవ్వట్లేదు.
– ఒక తండ్రి, తణుకు

జవాబు: అది ఏ రకం కాలేజీ అన్నదాన్ని బట్టి ఉంటుంది. అటానమస్ (స్వయంప్రతిపత్తి ఉన్న) కాలేజీలో ఫైనాన్స్ కమిటీ సిఫారసు చేస్తే పాలకమండలి ఫీజులు నిర్ణయిస్తుంది. ఆ తీర్మానం నంబరు, తేదీ అడిగే హక్కు మీకుంది. మిగతా ప్రైవేటు కాలేజీలకు ప్రభుత్వం ప్రకటించిన ఫీజే కొలమానం. 1983 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం నిర్ణయించిన ఫీజుకు మించి ఏ పేరుతో వసూలు చేసినా అది క్యాపిటేషన్ ఫీజు, అంటే చట్టం నిషేధించిన అదనపు వసూలు కిందికే వస్తుంది. ‘గేమ్స్’ అని పేరు పెట్టినంత మాత్రాన మినహాయింపు ఉండదు.

రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. రసీదు ఇచ్చేది లేదంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. మీ అబ్బాయి చేరేనాటి ప్రాస్పెక్టస్ వెతికి పట్టుకోండి. అందులో ఫీజు పద్దులన్నీ విడివిడిగా చూపాలని యు.జి.సి. (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2023 నిబంధనలు చెబుతున్నాయి. లేని పద్దు అడిగితే కాలేజీలోని విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. నచ్చకపోతే 15 రోజుల్లో యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కు (విద్యార్థుల అప్పీళ్లు విచారించే అధికారికి) అప్పీలు చేసుకోవచ్చు.

ప్రభుత్వ కాలేజీ అయినా, ఎయిడెడ్ అయినా సమాచార హక్కు దరఖాస్తు కూడా పనిచేస్తుంది. రుసుము రూ.10కి మించదు, గడువు 30 రోజులు. ‘ఆటల ఖర్చు వివరాలు ఇవ్వండి’ అని గాలికి రాస్తే గాలి జవాబే వస్తుంది. ఫలానా విద్యా సంవత్సరంలో గేమ్స్ ఫీజు కింద వసూలైన మొత్తం, గేమ్స్ పద్దులోని వోచర్ల నకళ్లు, స్టాక్ రిజిస్టరు పేజీల నకళ్లు అని విడివిడిగా అడగండి.

ప్రశ్న: పెంచిన ఫీజులో వాలీబాల్ కోర్టు ఎత్తు చేయడానికి ఒప్పుకున్నారు. జూలై నుంచి నవంబరు దాకా మా మైదానంలో నీళ్లే. రెండేళ్ల కిందట మట్టి తోలిస్తే ఒక్క వానాకాలానికే బురదైపోయింది. ఈసారి డబ్బు వృథా కాకూడదు.
– ఫిజికల్ డైరెక్టర్, పాలకొల్లు ప్రాంతం

జవాబు: పోయినసారి తోలినది చేపల చెరువు తవ్విన నల్లమట్టే అయ్యుంటుంది. దగ్గర్లో చవగ్గా దొరికేది అదే. ఆ మట్టి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, వేసవిలో నెర్రెలు విచ్చుతుంది. సముద్రం వైపు ఊళ్లలో ఉప్పు కూడా ఉంటుంది కాబట్టి ఎండినా పైపొర చెమ్మగానే ఉంటుంది. మెట్ట నుంచి వచ్చే ఎర్ర గ్రావెల్ తెప్పించండి. రవాణాకు ఖర్చవుతుంది, కానీ ఏటా మట్టి తోలించే బాధ తప్పుతుంది.

కొలతలు ముందు వేసుకోండి. కోర్టు 18 × 9 మీటర్లు. చుట్టూ కనీసం 3 మీటర్ల ఖాళీ కలిపితే 24 × 15, అంటే 360 చదరపు మీటర్లు. గట్టి వాన పడిన మర్నాడు మేకు పాతి నీటి మట్టం గుర్తు పెట్టి, కోర్టు పైభాగం దానికి పైనే ఉండేలా ఎంత ఎత్తు లేపాలో చూడండి. 30 సెంటీమీటర్లు లేపాలంటే రోలరు తిప్పాక 108 ఘనపు మీటర్లు, అంటే సుమారు 38 యూనిట్లు (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు). వదులుగా వచ్చే సరుకు నాలుగో వంతు అణుగుతుంది కాబట్టి 51 యూనిట్లు చెప్పండి. లారీ లెక్క డ్రైవరు నోటిమాట మీద రాయొద్దు. తొట్టి లోపలి కొలతలు టేపుతో తీయండి. పన్నెండడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల ఎత్తు ఉంటే 294 ఘనపుటడుగులు, అంటే మూడు యూనిట్లకు కాస్త తక్కువ. అంచు దాకా నిండిందో లేదో దించకముందే చూడాలి. లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే.

ఒకేసారి అంతా పోసి పైన రోలరు తిప్పితే అడుగు వదులుగానే ఉండిపోయి, మొదటి వానకు గుంటలు పడతాయి. 15 సెంటీమీటర్ల పొర వేసి, నీళ్లు చల్లి, తిప్పి, ఆ తర్వాత రెండో పొర. తడి సరిపోయిందో లేదో చేత్తోనే తెలుస్తుంది. గుప్పెడు గ్రావెల్ పిడికిట్లో బిగిస్తే ముద్ద కట్టాలి. నడుము ఎత్తు నుంచి వదిలితే రెండు మూడు ముక్కలుగా విరగాలి. పొడైపోతే నీళ్లు చాల్లేదు, విరక్కుండా నేలకు అతుక్కుంటే ఎక్కువైంది. ఎక్కువైన రోజు రోలరు ఆపేయండి. పైన మూడు నాలుగు సెంటీమీటర్లు జల్లెడ పట్టిన ఎర్రమట్టి వేయండి, డైవ్ చేసే పిల్లల మోచేతులు రాళ్లకు గీసుకోకుండా.

వాలు మీటరుకు 5 మిల్లీమీటర్లు. ఆరుబయట కోర్టులకు నిబంధనలు ఒప్పుకునేది అంతే. నడిమధ్య నుంచి రెండు పక్కలకు ఇస్తే అంచు దగ్గర నాలుగు సెంటీమీటర్లకు లోపే పల్లం వస్తుంది, ఆటకు తెలియదు. ఇటుక గట్టు, దాని పక్కన కాలువ తప్పనిసరి. డెల్టాలో మరో చిక్కుంది. వానాకాలంలో బయటి మురుగు కాలువ నిండుగా పారుతుంటే నీళ్లు వెనక్కి మీ మైదానంలోకే తంతాయి. కాలువ బయటికి కలిసే చోట మూత పెట్టి, లోపల చిన్న గుంట తవ్వి మోటారుతో తోడే ఏర్పాటు చేయకపోతే మిగతా పనంతా దండగ. ఫీజు లెక్కలో ఆ మోటారును మర్చిపోతుంటారు. ముందే రాయించండి.

స్తంభాలు పక్క గీతకు అర మీటరు నుంచి మీటరు దూరంలో, 2.55 మీటర్ల ఎత్తున ఉండాలి. మెత్తటి నేలలో పునాది లోతు చాలకపోతే నెట్టు బిగించిన ప్రతిసారీ స్తంభాలు లోపలికి వంగి, నెట్టు మధ్యలో జారుతుంది. ఉప్పుగాలికి మామూలు ఇనుము నిలవదు. గాల్వనైజ్డ్ పైపు కొనండి, బోల్టులకు గ్రీజు పెట్టించండి. పనంతా ఫిబ్రవరిలో మొదలుపెట్టి, కాలువలు కట్టేసి నీళ్లు తగ్గి ఉండే వేసవిలోనే ముగించాలి. జూన్ దాటితే వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోవడమే మంచిది.

బంతుల గురించి ఒక్క మాట. వాలీబాల్‌లో గాలి చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కిలోలు మాత్రమే. గేజీ లేకుండా రాయిలా కొట్టడం వల్లే కొత్త బంతులు నెలలో ఉబ్బి పగులుతున్నాయి. గేజీ ఉన్న పంపు ఒకటి కొంటే బంతుల పద్దు తగ్గుతుంది.

ప్రశ్న: సాత్విక్ సాయిరాజ్ పుట్టిన ఊరు మాది. మా కాలేజీలో ఇండోర్ బ్యాడ్మింటన్ కోర్టు కట్టాలని, అందుకు ఫీజు పెంచినా ఫర్వాలేదని మేమంతా అంటున్నాం. తప్పా?
– విద్యార్థులు, అమలాపురం

జవాబు: కోరిక తప్పు కాదు. మీ ఊరి కుర్రాడు చిరాగ్ శెట్టితో కలిసి 2022 కామన్వెల్త్ క్రీడల్లో, 2023లో జరిగిన ఆసియా క్రీడల్లో డబుల్స్ బంగారు పతకాలు తెచ్చాక ఆ కోరిక కలగకపోతేనే ఆశ్చర్యం. కానీ ఒక్క కోర్టులో ఒకేసారి ఆడేది నలుగురే. వెయ్యి మంది డబ్బుతో కడుతున్నప్పుడు ఇది పెద్ద అభ్యంతరమే. భవనాన్ని విద్యార్థుల ఫీజుతో కాక యాజమాన్యం నిధులతోనో, దాతలతోనో, పూర్వ విద్యార్థులతోనో కట్టించమనండి. ఫీజు నుంచి షటిల్స్, దీపాలు, నిర్వహణ భరించడం సబబు.

కట్టేట్టయితే రెండు విషయాలు చూడండి. కోర్టు 13.40 × 6.10 మీటర్లేనని హాలు బిగువుగా కట్టకండి. వెనకా పక్కనా ఖాళీ ఉండాలి, కప్పు ఎత్తు చాలకపోతే లాబ్ (ఎత్తుగా వెనక్కి కొట్టే దెబ్బ) ఎత్తిన ప్రతిసారీ షటిల్ దూలానికి తగులుతుంది. రెండోది చెమ్మ. మన నేలలో సిమెంటు గచ్చు కింద నుంచి తేమ పైకి వస్తూనే ఉంటుంది. దాని మీద నేరుగా మ్యాటు అతికిస్తే అంచులు లేస్తాయి, చెక్క వేస్తే ఉబ్బుతుంది. గచ్చు వేసేముందు కింద మందపాటి పాలిథిన్ పరవండి. మ్యాటు వేసేముందు మీటరు పాలిథిన్ ముక్కను గచ్చు మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో మూసి ఒక రోజంతా వదిలేయండి. తీసినప్పుడు అడుగున నీటి బొట్లుంటే ఇంకా ఆగాలి.

ప్రశ్న: అబ్బాయిలతో సమానంగా ఫీజు కడుతున్నాం. మాకు గ్రౌండు దొరికేది లేదు. అబ్బాయిలు ముగించేసరికి మా ఊరి బస్సు వెళ్లిపోతుంది.
– విద్యార్థిని, రాజోలు ప్రాంతం

జవాబు: ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు, లెక్క విషయం. మీ సంఖ్యను బట్టి గేమ్స్ ఫీజులో మీ వాటా ఎంతో రూపాయల్లో కట్టి, మీ మీద ఎంత ఖర్చయిందో పక్కన రాసి ప్రిన్సిపాల్‌గారికి ఇవ్వండి. సాయంత్రం తర్వాత ఇస్తామంటే ఒప్పుకోకండి. బస్సు వేళకు ముందు, టైంటేబుల్లోనే వారానికి రెండు పీరియడ్లు అడగండి. ఆ పీరియడ్లలో మైదానం మీకే ఇవ్వాలి. అమ్మాయిల నెట్టు ఎత్తు 2.24 మీటర్లు, అబ్బాయిలది 2.43. ఎత్తు మార్చుకునే స్తంభాలు లేకపోతే ‘మీకు కుదరదు’ అన్న సాకు తయారుగా ఉంటుంది. కబడ్డీ కోర్టు కూడా అంతే, మీది 12 × 8 మీటర్లు. అబ్బాయిల 13 × 10 కోర్టులోనే ఇంకో రంగుతో గీతలు గీస్తే చాలు. బట్టలు మార్చుకునే గది, నీళ్లున్న మరుగుదొడ్డి పెంపు తీర్మానంలో మొదటి పనిగా ఉండాలి. అవి లేకుండా కొత్త సామాను ఎంత కొన్నా మీరు మైదానంలోకి రాలేరు.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఎం.ఎస్. చదువుతోంది. బిల్లులో ‘అథ్లెటిక్స్ ఫీజు’ అని ఉంది. తను ఏ ఆటా ఆడదు. తీసేయమని అడగొచ్చా?
– ఒక తల్లి, తణుకు

జవాబు: సాధారణంగా తీయరమ్మా. అక్కడ అది తప్పనిసరి ఫీజే. టీవీ హక్కులు, టికెట్ల మీద పెద్ద ఆదాయమున్న యూనివర్సిటీలు కొన్నే. చిన్నవాటిలో చాలా చోట్ల జట్లను నడిపేది విద్యార్థుల ఫీజు, యూనివర్సిటీ సొంత నిధులే. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒక ఒప్పందంతో క్రీడాకారులకు యూనివర్సిటీలే నేరుగా డబ్బు చెల్లించే వీలు వచ్చింది. 2025–26కు ఒక్కో యూనివర్సిటీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఆ భారం పడ్డాక కొన్నిచోట్ల ఫీజు పెంచారు, అక్కడా మన దగ్గర లాంటి వాదనే నడుస్తోంది.

బిల్లులో ‘రిక్రియేషన్ ఫీజు’ విడిగా ఉందేమో చూడమనండి. జిమ్, ఈతకొలను లాంటివి మామూలుగా దాని కిందికి వస్తాయి, అమ్మాయి వాడుకోవచ్చు. అథ్లెటిక్స్ ఫీజు కట్టేవారికి మ్యాచ్ టికెట్లు ఉచితంగా ఇచ్చే చోట్లు ఉన్నాయి. ఆన్‌లైన్ కోర్సులకు కొన్ని యూనివర్సిటీల్లో ఈ ఫీజు ఉండదు, కాబట్టి ఫీజుల పేజీలో మినహాయింపుల భాగం చదవమనండి. పెంపు మీద విద్యార్థులు ఓటు వేసే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. చివరి నిర్ణయం మాత్రం పాలకమండలిదే.

ప్రశ్న: గేమ్స్ ఫీజు బకాయి ఉందని హాల్ టికెట్ ఆపుతామంటున్నారు. ఏం చేయాలి?
– బి.ఎస్సీ. విద్యార్థి, నరసాపురం

జవాబు: పరీక్ష దగ్గరపడిందంటే వాదన తర్వాత. ఆ ఫీజు తీర్మానం ప్రకారం అడుగుతున్నదే అయితే రసీదు తీసుకుని, ‘అభ్యంతరంతో కడుతున్నాను’ అని దరఖాస్తు రాసి, కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. రసీదు ఇచ్చేది లేదంటే కట్టకుండా అదే రోజు ఫిర్యాదుల కమిటీకి, యూనివర్సిటీ పరీక్షల విభాగానికి ఒకేసారి రాయండి. హాల్ టికెట్ ఎందుకు ఆపారో లిఖితంగా చెప్పమని ఆ ఉత్తరంలోనే అడగండి.