గన్నవరంలో ఆరున్నర గంటలు

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. సంక్రాంతి వెళ్ళాక కడప నుంచి ఢిల్లీ పోతూ గన్నవరంలో విమానం మారతామనీ, మధ్యలో ఆరున్నర గంటలు ఖాళీ ఉంటుందనీ, విజయవాడలో మా ఇంట్లో భోంచేసి అమ్మవారి దర్శనం, భవానీ ఐలాండ్ కూడా చూసుకుని పోతామనీ మెసేజ్ పెట్టావు. అది విన్న దగ్గర్నుంచీ మీ అత్తయ్య మినప్పప్పు ఎంత నానబెట్టాలో లెక్కలేస్తోంది. నేనేమో మీరు ఇంటికి రావద్దంటున్నాను. కోపం తెచ్చుకోకుండా మొత్తం చదువు.

ఆరున్నర గంటలని నువ్వంటున్నావు గానీ, వెనక నుంచి లెక్కపెట్టి చూడు. నీ రెండో విమానం అయిదింటికి. కౌంటరు గంట ముందే, అంటే నాలుగింటికే మూసేస్తారు. నా లెక్కలో నువ్వు మూడింటికల్లా గన్నవరంలో ఉండాలి. పొద్దున పదిన్నరకి దిగినా సామాను తీసుకుని బయటపడేసరికి పదకొండు. మిగిలింది నాలుగ్గంటలు. ఊళ్ళోకి ఇరవై కిలోమీటర్లు, పైగా పండగ తిరుగు ప్రయాణాలు. గోదావరి జిల్లాల నుంచి హైదరాబాద్ పోయే కార్లు చాలా ఆ రోడ్డు మీదే వస్తాయి. రానూపోనూ ఎటూ రెండుంబావు గంటలు పోతాయి. చివరికి నీ చేతిలో ఉండేది గంటా ముప్పావు. అందులో భోజనం, దర్శనం, పడవ ఎక్కడం అన్నీ ఎలా పడతాయిరా?

ఇంటి భోజనం ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. నాలుగేళ్ళ కిందట మా తోడల్లుడి కొడుకు ఇలాగే మధ్యలో దిగి ఇంటికొచ్చాడు. విస్తరి ముందు కూర్చున్నాడు, గారెలు నూనెలో ఉన్నాయి. వాడు వాచీ చూసుకుంటూనే ఉన్నాడు. మీ అత్తయ్య "ఒక్క వాయి, ఇప్పుడే దింపేస్తా" అంది. నేను కూడా "కూర్చోరా, గన్నవరం ఎంతసేపు" అన్నాను, తప్పు నాదే. ఆ వాయి దిగి, పెరుగన్నం అయ్యి, తాంబూలం దాకా వచ్చి, తీరా అక్కడికి చేరేసరికి కౌంటరు మూసి అయిదు నిమిషాలైంది. విమానం ఇంకా అక్కడే ఉంది, సామాను మాత్రం తీసుకోనన్నారు. ఆ రాత్రి వాణ్ణి రైల్లో కూర్చోబెట్టి పంపాం. గారెల మాటెత్తితే మీ అత్తయ్య ఇప్పటికీ నా వంక అదోలా చూస్తుంది.

ఇక దర్శనం. శుక్రవారం, ఆదివారం కొండ మీద జనం సంగతి నీకు తెలిసిందే. మామూలు రోజైనా క్యూ ఎంతసేపు పడుతుందో చెప్పలేం. ఎదురుగా గడియారం పెట్టుకుని అమ్మవారి ముందు నించోవడం నాకు నచ్చదు. ఈసారికి కింద నుంచే దణ్ణం పెట్టుకో. ఐలాండ్ సంగతి మర్చిపో.

నా సలహా ఒక్కటే, ఉండవల్లి గుహలు. కారు మొత్తం ట్రిప్పుకి, వెయిటింగ్‌తో కలిపి మాట్లాడుకో. సామాను డిక్కీలోనే ఉంటుంది. పోయేటప్పుడు ఏలూరు రోడ్డు, బస్టాండు మీదుగా ప్రకాశం బ్యారేజీ ఎక్కాలి. 1952లో పాత ఆనకట్టకి గండి పడ్డాక దీన్ని కట్టారు, 1957 నుంచి వాడుకలో ఉంది. గేట్లు 70. దీని మీదికి లారీలని రానివ్వరు కాబట్టి కారు నెమ్మదిగా పోనిచ్చినా ఎవరూ హారన్ కొట్టి చంపరు. మీ పిల్లని కుడివైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టు. నీళ్ళన్నీ అటే ఉంటాయి, వెనక్కి తిరిగితే ఇంద్రకీలాద్రి కనిపిస్తుంది. ఎడమవైపు ఈ రోజుల్లో చాలావరకు ఇసకే. మీ దణ్ణం కూడా అక్కడే అయిపోతుంది.

గుహ దగ్గర ముప్పావు గంట చాలు, కానీ ఆ ముప్పావు గంటా హడావుడి పడొద్దు. బయట నుంచి చూస్తే కొండనే నాలుగంతస్తుల మేడగా చెక్కినట్టుంటుంది. విష్ణుకుండిన రాజుల కాలం నాటిదంటారు. లోపల రాతిలోనే మలిచిన అనంతశయనుడు, పొడవు అయిదు మీటర్ల పైనే. ఎండలోంచి వెళ్ళగానే ఏమీ కనపడదు, గబ్బిలాల వాసన ఒక్కటే తెలుస్తుంది. ఫోన్ లైట్ వెయ్యకు. పాదాల దగ్గరే నించో. రెండు నిమిషాలకి ముందు మోకాళ్ళు, తర్వాత చెయ్యి, ఆ తర్వాత మొహం ఒక్కొక్కటే చీకట్లోంచి బయటికొస్తాయి. నేను లెక్కలేనన్నిసార్లు చూశాను, ఇప్పటికీ ఆ రెండు నిమిషాల కోసమే వెళ్తాను. పై అంతస్తు అంచున పొలాల వైపు చూస్తూ కూర్చున్న రాతి మునులుంటారు, పక్కనే సింహం. పిల్లకి అవే నచ్చుతాయి.

తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ బ్యారేజీ వద్దు. తాడేపల్లి నుంచి కనకదుర్గ వారధి ఎక్కి, బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ మీదుగా ఊళ్ళో దిగకుండా హైవే పట్టుకోవాలి. తీరిక ఉన్నప్పుడు ఊళ్ళోంచి, తొందర ఉన్నప్పుడు హైవే మీద.

ఇంకో రెండు ముక్కలు. టిక్కెట్లు రెండూ ఒకే పీఎన్ఆర్ మీద ఉన్నాయో లేదో ఇవాళే చూసుకో. ఒకటే అయితే కడపలోనే సామాను నేరుగా ఢిల్లీకి ట్యాగ్ చేస్తారేమో అడుగు. అప్పుడు గన్నవరంలో బెల్టు దగ్గర నించునే పని తప్పుతుంది. జనవరిలో గన్నవరంలో పొద్దున పూట మంచు పడుతుంది. దానివల్ల మీరు పదకొండున్నర దాటాక దిగితే బయటికే రావద్దు, లోపలే ఏదన్నా తిని కూర్చోండి. ఢిల్లీ విమానం లేటని మెసేజ్ వచ్చినా నమ్ముకుని తిరగొద్దు, మూడంటే మూడే.

భోజనం సంగతి ఆలోచించాను. ఇంటికి మీరు రాకపోతేనేం, క్యారియర్ తీసుకుని నేనే వస్తాను. పులిహోర, గారెలు, పెరుగన్నం. కారులోనే తినేద్దాం. పిల్లకి కొండపల్లి అంబారీ ఏనుగు బొమ్మ కొని ఉంచాను, తెల్లపొణికి చెక్క కాబట్టి బరువుండదు. గోంగూర పచ్చడి సీసా కూడా ఉంది, పెద్ద బ్యాగు నీ దగ్గరుంటే దాన్ని అందులోనే పెట్టు, చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ వాళ్ళు తీసి పక్కన పెడతారు.

రామవరప్పాడు రింగ్ దగ్గర ఉంటాను. అక్కడ కారు ఎక్కువసేపు ఆపనివ్వరు. నిడమానూరు రాగానే ఫోన్ చెయ్యి, రోడ్డు మీదికొచ్చి రెడీగా నించుంటాను.

మీ మావయ్య
విజయవాడ