విదేశీ మెకానిక్‌కు జీతం దేనికి ఇస్తారు?

ప్రశ్న: మా అబ్బాయి వయసు 24. ఆటోమొబైల్ ఇంజనీరింగ్‌లో డిప్లొమా చేసి, మూడేళ్ళుగా ఒక కార్ల సర్వీస్ సెంటర్‌లో మెకానిక్‌గా పనిచేస్తున్నాడు. టాంజానియాలోని ఒక గ్యారేజీలో ఉద్యోగం ఉందని ఒక ఏజెంటు చెప్పాడు. ముందు విజిటింగ్ వీసా మీద వెళ్ళాలని, అక్కడికి చేరాక వర్క్ పర్మిట్ ఇప్పిస్తామని, అందుకు కొంత సొమ్ము ముందే కట్టాలని అంటున్నాడు. రెండేళ్ళు పనిచేసి అక్కడే సొంత గ్యారేజీ పెట్టుకోవాలని మా వాడి ఆలోచన. పేద దేశానికి పోయి మెకానిక్‌గా ఏం సంపాదిస్తాడని వాళ్ళ నాన్నగారు ఒప్పుకోవడం లేదు. ఈ దారిలో నిజంగా భవిష్యత్తు ఉందా? – ఒక తల్లి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. వర్ధమాన దేశాల్లో విదేశీ మెకానిక్‌కు భవిష్యత్తు ఉందా అన్నది మొదటిది. ఈ ఏజెంటు చూపిస్తున్న దారిలో వెళ్ళవచ్చా అన్నది రెండవది. మొదటిదానికి అవుననే చెబుతాను గానీ, మీ అబ్బాయి ఊహించుకుంటున్న రూపంలో మాత్రం కాదు. రెండవదానికి జవాబు వెళ్ళవద్దనే. అందులో తర్జనభర్జనలకు తావు లేదు కాబట్టి ముందు దాని సంగతి తేల్చేద్దాం.

టాంజానియాలో విదేశీయుల ఉద్యోగాలను 2015లో వచ్చిన ప్రత్యేక చట్టం నియంత్రిస్తోంది. ఉద్యోగానికి వచ్చేవారికి వర్క్ పర్మిట్ ఉండాలి. దానిని లేబర్ కమిషనర్ ఇస్తారు. దానికి తోడు ఇమ్మిగ్రేషన్ శాఖ ఇచ్చే రెసిడెన్స్ పర్మిట్‌ను విడిగా తీసుకోవాలి. ఈ పత్రాల కోసం నడవవలసింది ఉద్యోగం ఇస్తున్న యజమాని. అందువల్ల పర్మిట్ సంగతి తరువాత చూసుకుందామనే యజమాని దగ్గర ఆ ఉద్యోగాన్ని సమర్థించుకునే కాగితాలు లేవనే అనుకోవాలి. విజిటింగ్ వీసా మీద వెళ్ళి పనిలో చేరినవాడు చట్టం దృష్టిలో నేరస్థుడే అవుతాడు; జీతం సగానికి కోసినా, పాస్‌పోర్టు లాగేసుకున్నా, ఫిర్యాదు చేయడానికి వెళ్ళిన చోటే తాను పట్టుబడతాడు. ఇక ముందే కట్టమంటున్న సొమ్ము విషయానికి వస్తే, ఉద్యోగం ఇప్పించే ఏజెన్సీలు కార్మికుడి నుంచి రుసుములు వసూలు చేయరాదన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో ఆమోదించిన 181వ ఒడంబడికలోని మూల సూత్రం. అన్ని దేశాలూ దానికి కట్టుబడలేదు గానీ, మీ అబ్బాయి మంచి సంస్థనూ మోసగాణ్ణీ వేరు చేసుకోవడానికి అది చాలు.

ఇక అసలు విషయం. ఆ దేశాల్లో మెకానిక్‌లు తక్కువని, మనవాడు వెళితే ఎదురొచ్చి తీసుకుంటారని చాలామంది యువకులు అనుకుంటారు. వాస్తవం దీనికి పూర్తిగా వేరుగా ఉంటుంది. ఘానాలోని కుమాసీ నగరంలో సువామే మ్యాగజైన్ అనే ప్రాంతం ఉంది. అక్కడ పదుల వేల మంది చేతిపనివారు ఇంజిన్లు విప్పడం, గేర్‌బాక్సులు బాగుచేయడం, లేత్ మీద భాగాలు తిప్పడం, తుక్కు లారీకి మళ్ళీ ప్రాణం పోయడం వంటి పనులతోనే బతుకుతున్నారు. కంపెనీ సర్వీస్ సెంటర్లలో మనం ‘మార్చేయండి’ అని పక్కన పడేసే భాగాన్ని వాళ్ళు అతికి, సానబట్టి, మళ్ళీ బిగిస్తారు. విరిగిన కమాను పట్టీని దారి పక్కన బాగుచేసే పనిలో మీ అబ్బాయి వాళ్ళతో పోటీపడలేడు. పడినా, వాళ్ళు తీసుకునే కూలికి ఆ పని చేయలేడు. విమాన ఛార్జీ, పర్మిట్ రుసుము, వసతి, బీమా అన్నీ భరించి ఒక విదేశీయుణ్ణి రప్పించుకునే యజమాని కేవలం స్పానర్ పట్టుకునే చేతుల కోసం అంత ఖర్చు పెట్టడు.

మరి దేనికి పెడతాడు? వాహనాలు మారిపోయాయి, వాటితో పాటు మారవలసిన శిక్షణ అన్ని చోట్లా మారలేదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం 2015 నుంచి 2018 వరకు యూరప్, జపాన్, అమెరికాల నుంచి 1.4 కోట్ల వాడిన వాహనాలు ఎగుమతి కాగా, వాటిలో 80 శాతం దాకా అల్పాదాయ, మధ్యాదాయ దేశాలకే చేరాయి. పాత తరం టయోటా ల్యాండ్ క్రూయిజర్‌లోని 4.2 లీటర్ల వన్ హెచ్‌జడ్ డీజిల్ ఇంజిన్‌కు మెకానికల్ పంపు ఉంటుంది. చెవితో విని, చేత్తో తాకి దాని జబ్బు చెప్పగల మేస్త్రీలు ఆఫ్రికా అంతటా ఉన్నారు. ఆ తరువాత వచ్చిన కామన్ రైల్ ఇంజిన్లలో, అంటే అన్ని సిలిండర్లకూ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి డీజిల్ అందే ఇంజిన్లలో, అది 2,000 బార్‌ల దాకా ఒత్తిడితో, మైక్రాన్లలో కొలిచేంత సన్నని ఖాళీల గుండా వెళుతుంది. అక్కడ చెవి చాలదు.

ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. నాలుగు సిలిండర్ల కామన్ రైల్ పికప్ ఒకటి ఎత్తు ఎక్కేటప్పుడు శక్తి కోల్పోతోంది, ఉదయం పూట ఒక పట్టాన స్టార్ట్ కావడం లేదనుకుందాం. అనుభవం లేని చోట సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ మార్చమంటారు, లేదా పంపు పోయిందంటారు. పద్ధతి తెలిసినవాడు ముందుగా డీజిల్ ఫిల్టర్ అడుగున ఉన్న బిరడా వదులు చేసి, కారిన ద్రవాన్ని గాజు సీసాలో పట్టి కాసేపు కదపకుండా ఉంచుతాడు. నీళ్ళుంటే అడుక్కు చేరి కనిపిస్తాయి. ఆ తరువాత ఒక్కొక్క ఇంజెక్టర్ నుంచి తిరిగి వచ్చే డీజిల్ గొట్టాన్ని విడదీసి, ఒకే కొలత గల నాలుగు పారదర్శక సీసాలకు కలిపి, ఇంజిన్‌ను కొన్ని నిమిషాలు ఐడిల్‌లో నడుపుతాడు. మూడు సీసాలు ఒకే మట్టంలో ఉండి నాలుగోది చాలా ఎక్కువగా నిండితే, లోపల కారుతున్నది ఆ ఒక్క ఇంజెక్టరే. మార్చవలసింది ఒక్కటి, దానితో పాటు అడగవలసిన ప్రశ్న కూడా ఒకటి ఉంది: ఆ నీళ్ళు ఏ బంకు నుంచి, ఏ పీపా నుంచి వచ్చాయి, ఫిల్టర్ ఒరిజినలా లేక డూప్లికేటా? ఇది తేల్చకపోతే కొత్త ఇంజెక్టర్ కూడా అదే దారి పడుతుంది. సముద్రం దాటి రావలసిన ఖరీదైన భాగాలలో మూడింటిని ఆదా చేసిన ఈ నిర్ణయానికే యజమాని విదేశీయుడికి జీతం ఇస్తాడు. మీ అబ్బాయి సర్వీస్ సెంటర్‌లో స్కానర్ చూపిన కోడ్‌ను బట్టి భాగం మార్చడం వరకే నేర్చుకుని ఉంటే, ఈ స్థాయికి ఇంకా రాలేదనే అర్థం. పైగా జపాన్ దేశీయ మార్కెట్ కోసం తయారై అక్కడికి చేరిన పాత కార్లు కొన్నింటికి మామూలు స్కానర్లు సరిగా పనిచేయవు.

అందుకే దేశం ఏదని కాకుండా, యజమాని ఎవరని ముందు చూడాలని నేను చెబుతాను. టాంజానియానే తీసుకుంటే, అరుషా నగరంలో సఫారీ సంస్థలు ల్యాండ్ క్రూయిజర్ల ఛాసిస్‌ను పొడిగించి, పైకప్పు తెరుచుకునేలా మార్చి, సెరెంగెటీ, గోరోంగోరో మట్టి దారుల్లో తిప్పుతాయి. ఆ కుదుపులకు బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, కమాను పట్టీలు ఎప్పుడూ అరుగుతూనే ఉంటాయి. పర్యాటకులతో అడవి మధ్యలో బండి ఆగితే సంస్థ పరువు పోతుంది కాబట్టి, ఆగకముందే చూసుకోగలిగే వర్క్‌షాప్ మేనేజరుకు అక్కడ విలువ ఉంది. గెయిటా వంటి బంగారు గనుల్లోనూ, జాంబియా, కాంగో రాగి గనుల్లోనూ భారీ యంత్రాల మెకానిక్‌లకు జీతాలు మెరుగ్గా ఉంటాయి గానీ, కార్ల అనుభవం ఒక్కటే ఉన్నవారికి ఆ తలుపు తెరుచుకోదు. హైడ్రాలిక్స్, భారీ డీజిల్ ఇంజిన్లు తెలిసి ఉండాలి. మెద్‌సాఁ సాఁ ఫ్రాంతియేర్, అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ వంటి మానవతా సంస్థలు మెకానిక్‌లను ఎక్కువగా స్థానికుల నుంచే తీసుకుంటాయి. బయటివారిని వాహనాల సముదాయాన్ని నడిపే బాధ్యతకో, శిక్షణకో పిలుస్తాయి. అక్కడ సంపాదన గొప్పగా ఉండదు గానీ నేర్చుకునేది చాలా ఉంటుంది, ఫ్రెంచి వస్తే అవకాశాలు పెరుగుతాయి.

ఈ చోట్లన్నింటిలో ఉమ్మడిగా కనిపించేది బోధన. టాంజానియా చట్టం ప్రకారం విదేశీయుణ్ణి నియమించే యజమాని, అతని పనిని స్థానికుడికి ఎలా అప్పగిస్తాడో చెప్పే వారసత్వ ప్రణాళిక తయారుచేసుకోవాలి. పర్మిట్ కాలం 24 నెలలు, పొడిగింపులతో కలిపి సాధారణంగా 5 ఏళ్ళు. నైజీరియాలోనైతే విదేశీయుడి కోటా ఉద్యోగం ఒక్కొక్కదానికి ఇద్దరు స్థానికులను వెంట ఉంచి పని నేర్పాలన్న నియమం ఉంది. జపాన్ ప్రభుత్వం 1965 నుంచి నడుపుతున్న విదేశీ సహకార వాలంటీర్ల పథకంలో వాహనాల మరమ్మతు నేర్పేవారు కూడా వెళుతుంటారు. అంటే, తన స్థానాన్ని మరొకరికి నేర్పి ఖాళీ చేయడమే ఈ ఉద్యోగపు షరతు. పనిలో రహస్యం దాచుకుంటేనే విలువ ఉంటుందని నమ్మే పాతకాలపు మేస్త్రీల ధోరణి మీ అబ్బాయిలో ఉంటే, ఈ రంగం అతనికి సరిపడదు. తనకంటే ఇరవయ్యేళ్ళు పెద్దవాడైన స్థానిక మెకానిక్‌కు అతని మనసు నొచ్చుకోకుండా ఒక కొత్త పద్ధతి చూపించగలగాలి, అదే మనిషి దగ్గర తనకు రానిది నేర్చుకోగలగాలి. చాలామంది వెనక్కి వచ్చేది చేతిలో పని లేక కాదు, ఈ ఓర్పు లేక.

సొంత గ్యారేజీ ఆలోచనను మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టించండి. 2025 జులైలో టాంజానియా ప్రభుత్వం విదేశీయులు చేయకూడని 15 రకాల వ్యాపారాలను ప్రకటించింది. చిల్లర వర్తకం, మొబైల్ ఫోన్ల మరమ్మతు, సూక్ష్మ, చిన్న పరిశ్రమలు అందులో ఉన్నాయి. స్పేర్ పార్టులు అమ్మకుండా చిన్న గ్యారేజీ నడవదు, ఆ అమ్మకం చిల్లర వర్తకం కిందికే వస్తుంది. స్థానికుడి పేరు మీద బినామీగా నడపవచ్చని సలహా ఇచ్చేవాళ్ళు తప్పక తగులుతారు. ఆ ఉత్తర్వులో విదేశీయుడికే కాక అతనికి తోడ్పడిన పౌరుడికి కూడా శిక్ష ఉంది. ఘానాలోనూ 2013 నాటి చట్టం చిన్న వ్యాపారాలు కొన్నింటిని పౌరులకే కేటాయించింది. స్థానికుల ఉపాధిని కాపాడుకోవాలని ఆ దేశాలు అనుకోవడంలో తప్పేమీ లేదు. పెట్టుబడి, ఇన్వెస్టర్ పర్మిట్, న్యాయవాది సలహా ఉన్నవారికి దారులు ఉండవచ్చు గానీ, రెండేళ్ళ జీతం పొదుపుతో తేలే వ్యవహారం కాదు.

ఇప్పుడు చేయవలసింది తయారీ. మీ అబ్బాయి ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉండి, కార్ల నుంచి డీజిల్ పికప్‌లు, లారీలు చూసే వర్క్‌షాప్‌కు మారడం మంచిది. కామన్ రైల్ ఇంజెక్షన్, ఆటో ఎలక్ట్రికల్ పని, ఎయిర్ కండిషనింగ్ ఈ మూడింటిలో కనీసం రెండు తన చేత్తో చేయగలగాలి. వెల్డింగ్ కూడా వస్తే మేలు. ఎన్ని కిలోమీటర్లకు ఏ బండికి ఏమి మార్చారో రాసిపెట్టే లాగ్‌బుక్, స్టోరులో ఏ భాగం ఎన్ని ఉండాలో ముందుగా లెక్కగట్టడం వంటి కాగితపు పనిని మెకానిక్‌లు చులకన చేస్తారు గానీ, వర్క్‌షాప్ బాధ్యత ఇచ్చేది ఆ లెక్క తెలిసినవాడికే. ఇంగ్లీషుతో పాటు స్వాహిలీ మొదలుపెట్టమనండి, షెడ్డులో నడిచే భాష అదే. ఇథియోపియా 2024లో పెట్రోలు, డీజిల్ ప్రైవేటు కార్ల దిగుమతినే ఆపివేసింది. కాబట్టి బ్యాటరీ వాహనాలలో ప్రాథమిక శిక్షణ తీసుకోవడం ముందుచూపు అవుతుంది.

ఒక నష్టం కూడా చెప్పాలి. నాలుగైదేళ్ళు పాత మోడళ్ళ మీదే పనిచేసి తిరిగి వచ్చినవాడు, ఇక్కడి కొత్త హైబ్రిడ్‌ల ముందు కొంత వెనుకబడి ఉంటాడు. వర్క్‌షాప్ నడిపిన అనుభవం ఆ లోటు తీర్చవచ్చు. వట్టి మెకానిక్‌గానే తిరిగి వస్తే తీర్చదు. వాళ్ళ నాన్నగారి అభ్యంతరంలో ఆలోచించదగినది ఇదే. దేశం పేదదా, ధనికదా అన్నది జీతాన్ని నిర్ణయించదు, అరుషా సఫారీ సంస్థ తన పర్యాటకుల దగ్గర తీసుకునేది డాలర్లలోనే.

ఆరోగ్యం విషయంలో పసుపు జ్వరం టీకా ధ్రువపత్రం కొన్ని దేశాలకు తప్పనిసరి. 2016 జులై నుంచి అది జీవితాంతం చెల్లుతుంది. మలేరియా జాగ్రత్తలు, అత్యవసరంలో విమానంలో తరలించే బీమా ఒప్పందంలోనే ఉండాలి.

ఏజెంటుకు సొమ్ము కట్టే బదులు, అతని ద్వారా ఆ గ్యారేజీ యజమానికి ఐదు ప్రశ్నలు రాతపూర్వకంగా పంపించండి: సంస్థ ఏ పేరుతో నమోదై ఉంది, వర్క్ పర్మిట్ దరఖాస్తు ఎవరి ఖర్చుతో, ఎప్పుడు పెడతారు, షెడ్డులో ఏ మోడళ్ళు, ఎన్ని వస్తున్నాయి, మా వాడి కింద ఎంతమంది స్థానికులు పనిచేస్తారు, ఈ స్థానంలో ఇంతకుముందు ఎవరైనా ఉంటే వారు ఎందుకు వెళ్ళిపోయారు. ఐదింటికీ సూటిగా జవాబు వస్తే ఒప్పందం నకలు నాకు పంపండి, చూసి చెబుతాను. రాకపోతే ఈ ఉద్యోగాన్ని వదిలేసి, అరుషాలోని సఫారీ సంస్థలకు, డీలర్ వర్క్‌షాపులకు మీ అబ్బాయినే నేరుగా దరఖాస్తు చేయమనండి.