చెడ్డ కబురు ముందుగా నీ చెవిన పడాలి

విశాఖపట్నం

చిరంజీవి సౌజన్యకు పెదనాన్న ఆశీస్సులు.

పరవాడలో మీ కంపెనీ కడుతున్న కొత్త యూనిట్‌కు నిన్ను ప్రాజెక్టు మేనేజర్‌గా వేశారని మీ నాన్న ఫోను చేసి చెప్పాడు. మీ పెద్దమ్మ సంతోషానికి హద్దు లేదు. "పంపులూ పైపులూ నాకు తెలుసు, అంతమంది చేత పని చేయించడమే భయంగా ఉంది" అని నువ్వు అన్నావట. సైటులో యంత్రాలు, పైపులు నిలబెట్టి బిగించే ఎరెక్షన్ పనుల్లోనే తల పండినవాణ్ని, నాకు తెలిసినది నీకు చెప్పకపోతే ఎవరికి చెబుతాను? నిదానంగా చదువుకో.

మేనేజరంటే గట్టిగా, గలగలా మాట్లాడేవాడని చాలామంది అనుకుంటారు. నేను చూసినవాళ్లలో పనిని గట్టెక్కించినవాళ్లంతా వినడంలో దిట్టలు. సైటులో ఏదైనా బెడిసికొడుతుంటే ఆ సంగతి అందరికన్నా ముందు నీ చెవిన పడాలి. ముందుగా తెలిస్తే ఒక ఫోనుతో పోయేది, ఆలస్యంగా తెలిస్తే నెలల తగాదా అవుతుంది. మొదటిసారి ఎవరైనా అలాంటి కబురు తెచ్చినప్పుడు నీ ముఖం ఎలా ఉంటుందో అందరూ చూస్తారు. రెండో కబురు వస్తుందో రాదో అక్కడే తేలిపోతుంది.

ఒక చోట ఉదయం మీటింగులో కుర్ర సూపర్‌వైజర్ ఒకడు లేచి, పైపులను కలిపి బిగించే ఫ్లాంజీల్లో ఎక్కువ ఒత్తిడి తట్టుకునే 300 క్లాస్‌వి రావలసిన చోట తక్కువ తట్టుకునే 150 క్లాస్‌వి వచ్చాయని చెప్పాడు. చేతిలో డెలివరీ చలానా ఉంది. మేనేజరు ఫైలు బల్ల మీద విసిరికొట్టి "ఇది చెప్పడానికా నీకు జీతం?" అన్నాడు. ఆ అబ్బాయి చలానా మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. మర్నాటి నుంచి ఆ గదిలో ఎవరిని అడిగినా "అంతా బాగానే ఉంది సార్" అన్నదే జవాబు. బాగాలేనివన్నీ టెస్టింగు రోజుల్లో వరసగా బయటపడ్డాయి. తర్వాత మరో సైటులో ఇలాంటి కబురే వస్తే, అక్కడి మేనేజరు నోటుబుక్కు తెరిచి రెండే ప్రశ్నలు వేశాడు. "ఎప్పుడు చూశావు? నా వల్ల ఏం కావాలి?" అక్కడికక్కడే పర్చేజ్ విభాగానికి ఫోను చేశాడు. పొరపాటు ఎవరిదో ఆ తర్వాత విడిగా తేల్చుకున్నాడు. అతన్ని జనం వెతుక్కుంటూ వచ్చి మరీ సమస్యలు చెప్పేవారు. నువ్వు ఆ రెండో మనిషిలా ఉండాలని నా కోరిక.

విశాఖవాళ్లకు ఈ పద్ధతి బాగా తెలిసినదే. బంగాళాఖాతంలో ఎక్కడో దూరాన వాతావరణం చెడుతుంటేనే పోర్టులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేస్తారు. అప్పటికి బీచ్ రోడ్డులో ఎండ కాస్తూనే ఉంటుంది. తుపాను చివరికి ఒడిశా వైపు తిరిగిపోయినా, అనవసరంగా ఎగరేశారని పోర్టువాళ్లను ఎవరూ తిట్టరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన మీద విరుచుకుపడినప్పుడు, అంతకు ముందు రోజుల్లో వచ్చిన హెచ్చరికలు ఎన్ని ప్రాణాలు కాపాడాయో మీ నాన్నను అడుగు. ఆ హెచ్చరికల్లో పదకొండో నంబరు ఒకటుంది. ఒకటి నుంచి పది దాకా గాలివాన గురించి చెబితే, పదకొండు మాత్రం తుపాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని చెబుతుంది. నీ టీములో పదకొండో నంబరు ఎగిరే పరిస్థితి ఎప్పుడూ రానివ్వకు.

అమెరికాలో 1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక ఎగిరిన 73 సెకన్లకే ముక్కలై ఏడుగురు చనిపోయారు. అంతటి చలిలో రబ్బరు సీళ్లు సరిగా పనిచేయవు, ప్రయోగం ఆపండి అని ముందు రోజు రాత్రే బూస్టర్ రాకెట్లు తయారుచేసిన కంపెనీ ఇంజినీర్లు మొత్తుకున్నారు. వాళ్ల పైవాళ్లు చివరికి ఆ మాట పక్కన పెట్టారు. తుది నిర్ణయం తీసుకున్నవారికి ఆ అభ్యంతరం సంగతే చేరలేదని విచారణ సంఘం తేల్చింది. మధ్యలో ఒక్క అంచె దగ్గర మాట ఆగిపోతే జరిగేది ఇది. అందుకే వారంలో ఒక్కసారైనా అంచెలన్నీ దాటి, నువ్వే ఫోర్‌మన్ దగ్గరికి, వెల్డర్ దగ్గరికి వెళ్లి పది నిమిషాలు నిలబడు. వాళ్ల ఇంజినీర్ మీద చాడీలు అడగవద్దు. "పనికి ఏం అడ్డొస్తోంది?" అని మాత్రం అడుగు.

ఇక నువ్వు చెప్పేది అవతలివాళ్లకు చేరడం గురించి. "అర్థమైందా?" అని ఎవరినీ అడగకు. అర్థం కాకపోయినా తల ఊపుతారు. పైపులో నీళ్లు నింపి, ఒత్తిడి పెంచి, కారుతుందేమో చూసే హైడ్రో టెస్టు ఉందనుకో. డిజైన్ ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు 10 కేజీలైతే 15 కేజీలకు టెస్టు చేయాలని నీకూ తెలుసు, ఫోర్‌మన్‌కూ తెలుసు. "గాలి ఎక్కడి నుంచి వదులుతారు? పైపు మూసే బ్లైండ్లు ఎక్కడ వేస్తారు? ప్రెషర్ చూపించే గేజి ఎక్కడ పెడతారు?" అని అడిగి, అతను చేత్తో లైను చూపిస్తూ చెబుతుంటే విను. తేడా ఉంటే అప్పుడే తెలిసిపోతుంది. నీ దగ్గర ఒడిశా, బీహార్, ఝార్ఖండ్ నుంచి వచ్చిన వెల్డర్లు, ఫిట్టర్లు ఉంటారు. నీ ఇంగ్లీషు మెయిలు కాంట్రాక్టర్ ఇంజినీర్ దగ్గర తెలుగై, ఫోర్‌మన్ దగ్గర హిందీ అయ్యేసరికి అందులో సగం జారిపోతుంది. ప్రాణం మీదికి వచ్చే విషయమైతే హిందీలో నువ్వే నేరుగా చెప్పు. రాకపోతే నాలుగు ముక్కలు నేర్చుకో.

"తొంభై శాతం అయిపోయింది మేడం" అన్న మాటను నమ్మకు. ఆ తొంభై నెలల తరబడి తొంభైగానే ఉంటుంది. ఎన్ని జాయింట్లు వెల్డింగ్ అయ్యాయి, ఎన్నింటికి రేడియోగ్రఫీ (వెల్డింగుకు ఎక్స్‌రే లాంటి పరీక్ష) పాసైంది, ఎన్ని లైన్లు టెస్టుకు సిద్ధంగా ఉన్నాయి, ఈ మూడు లెక్కలు రాసి ఇమ్మను.

మీటింగుకు అవసరమైనవాళ్లనే పిలు. పదిమంది ఉన్న టీములో ఇద్దరిద్దరు మాట్లాడుకోవలసిన జంటలు 45, పదిహేనుమంది అయితే 105. మనుషులు పెరిగేకొద్దీ పని కన్నా మాటలు వేగంగా పెరుగుతాయి. ఆలస్యమవుతోందని మనుషుల్ని గుమ్మరించే ముందు ఈ లెక్క చూసుకో.

వాట్సాప్ గ్రూపులో కబుర్లు చెప్పుకోవచ్చు కానీ డ్రాయింగులు మార్చకూడదు. డ్రాయింగు మార్చి రివిజన్ 2 వచ్చిందంటే, రివిజన్ 1 కాగితాలు ప్రతి షెడ్డు నుంచీ వెనక్కి తెప్పించి, లెక్కపెట్టి, సంతకం తీసుకో. ఇది చాదస్తంలా కనిపిస్తుంది. పాత కాగితం పట్టుకుని కొత్త పైపు కోసినప్పుడు తెలుస్తుంది దీని విలువ.

పుస్తకాల్లో ఎక్కువగా కనిపించని విషయం ఒకటి చెబుతాను. కాంట్రాక్టర్ పని హఠాత్తుగా మందగించిందంటే మనుషుల్ని కేకలేయకు, అతని బిల్లు ఎక్కడ ఆగిందో చూడు. మీ అకౌంట్స్ విభాగంలో ఒక కాగితం వారాల తరబడి పడి ఉంటే, ఇక్కడ కూలీలకు జీతాలు ఉండవు. వాళ్లు నీ ముందు ఆ మాట అనలేరు, చేతులు నెమ్మదిస్తాయి అంతే. ఆ కాగితాన్ని కదిలించడం నీ పని. అలాగే ఒడియావాళ్లకు జూన్‌లో రజో పండుగ, బీహారువాళ్లకు దీపావళి తర్వాత ఛఠ్, మనవాళ్లకు సంక్రాంతి. వెళ్లవద్దంటే చెప్పకుండా వెళతారు. షెడ్యూలులోనే ఆ రోజులు వదిలిపెట్టి, ఎవరెవరు ఎప్పుడు వెళతారో ముందే మాట్లాడుకుంటే చెప్పిన రోజుకు తిరిగి వస్తారు. నేను ఇది ఎన్నోసార్లు చూశాను.

పైవాళ్లు తేదీ అడిగితే వాళ్లకు నచ్చే తేదీ చెప్పకు. ఫలానా కంప్రెసర్ ఫలానా రోజుకు వస్తే ఈ తేదీ, రాకపోతే ఆ తేదీ అని రెండూ రాసి ఇవ్వు. వాళ్లు విసుక్కుంటే ఆ విసుగు నీ దగ్గరే ఆగిపోవాలి, కింది ఇంజినీర్ల మీదకు జారకూడదు. ఎవరినైనా మందలించవలసి వస్తే గదిలోకి పిలిచి మందలించు. మెచ్చుకోవలసి వస్తే అందరి ముందు, ఏ పని బాగుందో పేరుపెట్టి మెచ్చుకో.

ఆడపిల్లవని కొందరు నువ్వు అడిగిన ప్రశ్నకు నీ పక్కన ఉన్న మగ ఇంజినీర్‌కు జవాబు చెబుతారు. నువ్వు గొంతు పెంచకు. తర్వాతి ప్రశ్న కూడా నువ్వే అడుగు. మీటింగు నిర్ణయాలు ఆ సాయంత్రమే నీ పేరుతో రాసి పంపు. నాలుగు వారాలు తిరిగేసరికి ఎవరికి జవాబు చెప్పాలో అందరికీ తెలిసొస్తుంది.

వచ్చే ఆదివారం మీ నాన్నతో కలిసి భోజనానికి రా. షెడ్యూలు పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి తీసుకురా, కంప్యూటర్‌లో నా కళ్లకు ఆనదు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఎత్తు మీద క్రేను పనులు ఏమేం పెట్టుకున్నావో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
పెదనాన్న