టెక్ సందేహాలు: హీబ్రూ రాకుండానే హీబ్రూ రాతప్రతులు ఎక్కించొచ్చా?

ప్రశ్న: రిటైరయ్యాను, మధ్యాహ్నాలు ఖాళీ. యూదుల పాత రాతప్రతుల్ని ఆన్‌లైన్‌లో చూసి టైపు చేసిపెట్టే పని ఉందని మా అబ్బాయి చెప్పాడు. నాకు హీబ్రూలో ఒక్క ముక్క రాదు. పనికొస్తానా? డబ్బేమైనా కట్టాలా? - విజయవాడ పాఠకుడు

జవాబు: నిక్షేపంగా పనికొస్తారండీ. పైసా కట్టక్కర్లేదు, వాళ్లూ ఇవ్వరు. మీవాడు చెప్పింది బహుశా ఔత్సాహికులు పరిశోధకులకు సాయపడే జూనివర్స్ సైట్‌లో 2017లో మొదలైన ‘స్క్రైబ్స్ ఆఫ్ ద కైరో గెనీజా’ గురించి అయ్యుంటుంది. పెన్సిల్వేనియా యూనివర్సిటీ లైబ్రరీ వాళ్లు ప్రిన్స్‌టన్, కేంబ్రిడ్జి లాంటి చోట్ల ఉన్న పరిశోధకులతో కలిసి పెట్టారు. దేవుడి పేరున్న కాగితం పారేయకూడదని యూదుల ఆచారం. అందుకని పాత కైరోలోని బెన్ ఎజ్రా ప్రార్థనాలయం వాళ్లు చిరిగినవీ పాతబడినవీ శతాబ్దాలపాటు ఒక గదిలో పడేస్తూ వచ్చారు, గెనీజా అంటే అదే. ప్రార్థనలతోపాటు అప్పు పత్రాలు, పెళ్లి ఒప్పందాలు, వ్యాపారుల ఉత్తరాలు కూడా అందులోకే చేరాయి. 1896-97లో కేంబ్రిడ్జి పండితుడు సోలమన్ షెక్టర్ అక్కణ్నుంచి సుమారు 1,93,000 ముక్కలు కేంబ్రిడ్జికి తరలించాడు. తక్కినవి వేరే లైబ్రరీల్లో ఉన్నాయి.

మొదటి అంచె ఉత్త వర్గీకరణే: ఇది హీబ్రూ లిపా, అరబిక్ లిపా? పొందిగ్గా రాసిందా, గొలుసుకట్టా? తర్వాతి అంచె టైపింగ్. తెరమీది కీబోర్డులో ఆనాటి చేతిరాత నమూనాలే కనిపిస్తాయి, ఆకారం పోల్చుకుని నొక్కడమే. తికమక పెట్టేవి దాలెత్, రేష్ అనే హీబ్రూ అక్షరాలు. రెండింటికీ పైన అడ్డగీత, కుడిపక్క కిందికి ఒక కాలు. దాలెత్ మూల కోసుగా ఉండి కాస్త బయటికి పొడుచుకొస్తుంది, రేష్ మూల గుండ్రంగా తిరుగుతుంది. సిరా చెదిరినచోట జూమ్ చేసి ఆ మూలనే చూడండి. భాష వచ్చినవాళ్లు సగం చదివి మిగతాది ఊహించేస్తుంటారు, మీకా ప్రమాదం లేదు. ఒకే ముక్కను కొందరికి చూపించి సరిపోల్చుకుంటారు కాబట్టి ఎక్కడో తప్పు పోతుందన్న బెంగ వద్దు. ఇలాంటి ప్రాజెక్టులు విడతలవారీగా నడుస్తాయి. కూర్చునేముందు పని ఉందో, అయిపోయిందో పేజీ పైన చూసుకోండి.

ప్రశ్న: విండోస్‌లో హీబ్రూ కొడుతుంటే కర్సర్ ఎటో గెంతుతోంది. చుక్క పెడితే అవతలి చివర పడుతోంది.

జవాబు: హీబ్రూ కుడి నుంచి ఎడమకి నడుస్తుంది, మీ పేరా ఇంకా ఎడమ నుంచి కుడికే ఉంది. సెట్టింగ్స్‌లో హీబ్రూ భాష చేర్చుకున్నాక, కంట్రోల్‌తోపాటు కుడివైపు షిఫ్ట్ నొక్కితే చాలాచోట్ల పేరా దిశ మారుతుంది. ఫోన్‌లో అయితే ఆటోకరెక్ట్ ఆపేయండి, లేకపోతే 11వ శతాబ్దపు మాటను అది ఇవాళ్టి మాటగా దిద్దేస్తుంది.

ప్రశ్న: ఫొటో ఇస్తే ఏఐ చదివేస్తుంది కదా, ఇంకా మనుషులెందుకు?

జవాబు: చదువుతుంది, ఎవరో ఒకరు నేర్పాక. చేతిరాత చదవడానికి ఈ రంగంలో వాడే ఈస్క్రిప్టోరియం, క్రాకెన్ లాంటి సాఫ్ట్‌వేర్లకు మనుషులు సరిచూసిన పుటలే పాఠాలు. హైఫా, పారిస్ పరిశోధకుల ‘టిక్కున్ సోఫ్రిమ్’ ప్రాజెక్టులో యంత్రం చదివిన హీబ్రూ వరసల్నే జనం చేత దిద్దించారు. నూటికి రెండు తప్పులంటే వినడానికి ఏమంత లేదు, వెయ్యి అక్షరాల పుటలో అవి 20 అవుతాయి. పైగా గెనీజా ఉత్తరాల్లో చాలావాటికి లిపి హీబ్రూ, భాష అరబిక్. ఫొటోను చాట్‌బాట్‌కిచ్చి వచ్చింది అతికించే పని మాత్రం చేయకండి. దాని ఊహ మనిషి మాటగా నమోదై, రేపు ఇంకో యంత్రానికి పాఠమవుతుంది. తెలియని అక్షరాన్ని తెలియదనే గుర్తుపెట్టండి.

ప్రశ్న: ఇందులో మన దేశం ఊసేమైనా ఉందా?

జవాబు: ఉంది. ట్యునీసియా నుంచి వచ్చిన అబ్రహాం బెన్ యిజు అనే వర్తకుడు 12వ శతాబ్దంలో మంగళూరులో ఏళ్ల తరబడి ఉన్నాడు, కంచు సామాను చేయించాడు. యెమెన్ రేవు ఏడెన్‌లోని స్నేహితులు అతనికి సరుకుతోపాటు రాసుకోవడానికి కాగితం పంపేవాళ్లు. వచ్చిన ఉత్తరాల్లో ఖాళీ ఉంటే అక్కడే తన లెక్కలూ గట్రా రాసుకునేవాడు. ప్రిన్స్‌టన్ గెనీజా ప్రాజెక్టు సైట్‌లో ఇంగ్లిష్‌లో Ben Yiju అని వెతకండి, ఉచితం. కొన్నింటికి ఫొటో పక్కనే టైపు చేసిన పాఠం కూడా ఉంటుంది.