అత్తయ్య మాటలు రోహిణినా, నన్నా?

ప్రశ్న: మాది తెనాలి. పెళ్లయి మూడేళ్లయింది. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మామయ్యగారు లేరు, అత్తయ్య మాతోనే ఉంటారు. నా జీతంలోంచి నెలకి ఆరు వేలు పుట్టింటికి పంపుతున్నాను. నాన్న మందులకి, తమ్ముడి ఫీజుకి. మావారికి తెలుసు. ‘అమ్మకి చెప్పకు, లేనిపోని గొడవ’ అన్నారు, నేనూ చెప్పలేదు. రాత్రి పనులయ్యాక నేనూ అత్తయ్యా సీరియల్స్ చూస్తాం. ‘గుండె నిండా గుడిగంటలు’లో కోడలు రోహిణి కనపడితే చాలు, ‘దాచిపెడితే ఎన్నాళ్లు దాగుద్దమ్మా’ అని నా వంక చూస్తారు. మళ్లీ ఆవిడే, రోహిణి అత్తని తప్పుపడుతూ, ‘అసలు ప్రభావతి ఆశే ఆ పిల్లచేత అబద్ధాలాడించింది’ అంటారు. ఆ మధ్య ‘బ్రహ్మముడి’లో కావ్య ఇంటి మీద పడ్డ అప్పు సంగతి దాచినప్పుడు కూడా ‘ముందే నోరు తెరిచి చెప్తే ఈ రభస ఉండేదా’ అని సణిగారు. ఈవిడకి నా విషయం తెలిసిపోయిందంటారా? మావారేమో కేబుల్ తీయించేద్దాం అంటున్నారు. పోనీ, నేను కలిసి చూడ్డం మానేయనా?

జవాబు: అమ్మా, కేబుల్ జోలికి మాత్రం వెళ్లకండి. భర్త పోయిన మనిషికి రాత్రి పూట పక్కన కూర్చుని మాట్లాడే తోడు మీరొక్కరే. ఆ మాటలు సీరియల్ చుట్టూ తిరిగితే వచ్చిన నష్టమేమీ లేదు. మీరు లేచి వెళ్లిపోతే ఆవిడకి నిజంగానే ఏదో అనుమానం వస్తుంది.

ఆవిడకి తెలిసిందో లేదో మీ ఉత్తరాన్ని బట్టి తేల్చలేం. రోహిణి కనపడితే ఆ మాట అనని ఇల్లు ఉండదు. పెళ్లికి ముందు సంగతులన్నీ దాచి, మలేషియాలో డబ్బున్న తండ్రి ఉన్నాడని చెప్పి కోడలై వచ్చిన పాత్ర అది. ‘ఎన్నాళ్లు దాగుద్ది’ అని చూసేవాళ్ల చేత అనిపించడానికే ఆ పాత్రను అలా రాశారు. ఇక మీ వంక చూశారంటారా, పక్కన కూర్చున్న మనిషిని చూడకుండా ఎవరూ వ్యాఖ్యానం చేయరు. దాచిన విషయం మనసులో ఉంటే మామూలు చూపు కూడా నిలదీసినట్టే ఉంటుంది.

మీరు ఉత్తరంలో ఒకటి రాసి, దాన్ని పట్టించుకోకుండా దాటిపోయారు. నా కన్ను అక్కడే ఆగింది. మీ అత్తగారు తప్పు పట్టింది ప్రభావతిని! డబ్బున్న ఇంటి పిల్ల అని రోహిణిని నెత్తిన పెట్టుకుని, పూలమ్ముకునే ఇంటినుంచి వచ్చిందని ఇంకో కోడలు మీనాని చీదరించుకున్న అత్తగారు ఆ ప్రభావతి. కోడలి పుట్టింటి ఆస్తిని లెక్కగట్టే అత్త అన్నమాట. ఆ లెక్క మీ అత్తగారికి నచ్చలేదు. తెర మీద పాత్రల గురించి మాట్లాడేటప్పుడు మనుషులు మొహమాటపడరు. తనను తాను మంచిగా చూపించుకోవాలన్న ధ్యాస ఉండదు కదా, లోపలి మాట అలాగే వచ్చేస్తుంది. ‘మీ నాన్నకి సాయం చేసుకో’ అని ఎదురుగా కూర్చుని మీతో ఆవిడ ఎప్పటికీ అనకపోవచ్చు. కోడలి పుట్టింటి లేమిని ఈసడించే అత్త మాత్రం ఆవిడకి గిట్టదు. ఆ సంగతి రోజూ మీ పక్కన కూర్చునే చెబుతున్నారు.

కావ్య గురించి అన్నది ఇంకా తేటగా ఉంది. కావ్య, రాజ్ స్వార్థంతో దాచలేదు. ఇంటి పెద్దాయన వేరేవాళ్ల అప్పుకి ఇచ్చిన హామీ మెడకు చుట్టుకుంటే, ఆయన పరువు కోసమూ ఇల్లు కలిసి ఉండటం కోసమూ దాచారు. అయినా నిందలన్నీ కావ్య మోసింది. అప్పుడు కూడా మీ అత్తగారు ఆ హామీ ఎందుకిచ్చారని అడగలేదు, ముందే ఎందుకు చెప్పలేదన్నారు. అంటే డబ్బు పోతే ఆవిడ ఓర్చుకోగలరు, తనకి తెలియకుండా ఇంట్లో ఒకటి నడుస్తోందంటే ఓర్చుకోలేరు. మీ వారు ఈ రెండింటినీ ఒకటే అనుకుని ‘చెప్పకు’ అన్నారు.

నేనూ సీరియల్స్ చూస్తాను, తిడుతూ చూసే రకం. నిజం చెప్పబోయే ప్రతిసారీ ఫోన్ మోగుతుంది, లేకపోతే వినాల్సిన మనిషి కళ్లు తిరిగి పడిపోతుంది. చెప్పేస్తే కథ అయిపోతుంది మరి. ‘కార్తీకదీపం’ మొదటి భాగం 2017లో మొదలై 2023 జనవరి దాకా నడిచింది. మోనిత చెప్పిన అబద్ధాన్ని నమ్మి భార్య దీపని అనుమానించిన డాక్టర్ బాబు ఒక్క డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే వారంలో తేలిపోయేదని ఇంటింటా ఎంత నవ్వుకున్నామో! కానీ ఛానల్‌కి కావలసింది తేలడం కాదు, సాగడం. మీ ఇంట్లో ఎవరికీ అలాంటి అవసరం లేదు.

డబ్బు విషయంలో మీరు తలవంచుకోవలసిన పనే లేదు. కన్నవాళ్లకి తోడుగా ఉండటం కొడుకులకి మాత్రమే రాసిపెట్టింది కాదు. పెళ్లయిన కూతురికి కూడా తల్లిదండ్రులను పోషించే బాధ్యత ఉంటుందని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కోసం వచ్చిన చట్టంలోనూ సంతానం అంటే కొడుకుతో పాటు కూతురూ అనే ఉంది. అలాగని ఈ ముక్క మీ అత్తగారి ముందు చదవకండి. ఇంట్లో చట్టం మాట ఎత్తితే వినే చెవులు మూసుకుపోతాయి. మీ మనసులో ఉన్న తప్పు చేస్తున్నానన్న బెదురు పోవడానికే చెప్పాను.

ముందు మీ వారితో మాట్లాడండి. ‘నేను చెప్పేస్తాను’ అనకండి, ‘మనం చెబుదాం’ అనండి. దాచమన్నది ఆయన కాబట్టి, మాట కూడా ఆయన నోటి నుంచే మొదలవ్వాలి. ‘అమ్మా, నేనే వద్దన్నాను’ అన్న ఒక్క మాట కొడుకు అంటే, కోడలు మోసం చేసిందన్న ఆలోచనకి అక్కడే చోటుండదు. అదే మాట మీరంటే, మొగుడి మీదకి నెట్టేస్తోంది అనిపిస్తుంది. ఆయన ఊళ్లో లేనప్పుడు మీరొక్కరే ధైర్యం చేయకండి.

సీరియల్ నడుస్తుండగా, రోహిణి మాట వచ్చింది కదా అని దాన్ని అందిపుచ్చుకుని అసలు చెప్పొద్దు. అప్పుడు మిమ్మల్ని మీరే రోహిణి పక్కన నిలబెట్టుకున్నట్టవుతుంది. ఆదివారం పొద్దున్న, కాఫీలయ్యాక చెప్పండి. ఎంత పంపుతున్నారో, ఎప్పటినుంచో, దేనికో మొత్తం చెప్పండి. ఆరు వేలని నాలుగు వేలు చేసి తగ్గించారనుకోండి, రేపు అది బయటపడితే కట్టుకున్న నమ్మకం మొత్తం కూలుతుంది. ‘మీకు చెప్పకుండా ఉండాల్సింది కాదు అత్తయ్యా’ అనండి. పంపడం గురించి మాత్రం సంజాయిషీ వద్దు. దాచినందుకు క్షమాపణ అడగండి, పంపినందుకు కాదు.

ఆవిడ కోప్పడవచ్చు. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు, టీవీ ముందుకి రాకపోవచ్చు కూడా. వెంటపడి బతిమాలకండి, మామూలుగా ఉండండి. ‘ఇంటి ఖర్చుల సంగతేంటి’ అని అడిగితే మాత్రం అది న్యాయమైన ప్రశ్నే. మీ ఇద్దరి జీతాలు, ఇంటికి ఎంత పోతుంది, ఎంత మిగులుతుంది, కాగితం మీద వేసి చూపించండి. ‘ఇక పంపడానికి వీల్లేదు’ అంటే ఆ జవాబు మీ వారే చెప్పాలి. ఈ ముక్క ఆయనతో ముందే మాట్లాడి పెట్టుకోండి.

అంతా చెప్పాక కూడా రోహిణిని అడ్డం పెట్టుకుని మాటలు విసురుతుంటే, అప్పుడు సూటిగా అడిగేయండి: ‘అత్తయ్యా, ఇది నన్నేనా?’ అని. కాదంటే అక్కడితో వదిలేయండి. అవునంటే సీరియల్ ఆపి మాట్లాడుకోండి. మిస్సయిన ఎపిసోడ్ ఎలాగూ ఫోన్లో దొరుకుతుంది.

మీ వారు ససేమిరా అంటే మళ్లీ రాయండి. అమ్మకి చెబితే ఏమవుతుందని ఆయన భయమో అడిగి, అది కూడా రాయండి. మీ ఉత్తరంలో అత్తయ్య మాటలు ఇన్ని ఉన్నాయి గానీ, ఆయన గురించి మూడు వాక్యాలకి మించి లేదు.